బరోడా మీదుగా నిజాంపూర్

కె. లక్ష్మా గౌడ్‌ను పల్లె చిత్రకారుడనడం పరిపాటి. ఆ మాట ఆయన చదువును మరుగుపరుస్తోంది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, 1963లో ఉన్నత విద్యకై బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి గురువు కె.జి. సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌లో చదివినవారు. చేతివృత్తులకూ ఆధునిక కళకూ నడుమ గోడ కట్టనివారు. కుడ్యచిత్రణతోపాటు ముద్రణచిత్రకళనూ లక్ష్మా గౌడ్ అక్కడే నేర్చారు. ఎచింగ్‌లో మైనం పూసిన లోహపు పలకపై సూదితో గీస్తారు; గీత పడ్డచోటే ఆమ్లం లోహాన్ని తింటుంది. రంగుకన్నా రేఖదే అక్కడ అధికారం. తర్వాతి ఎచింగులలోని మేకలు, మోటు దేహాలు, దాపరికంలేని కామం ఊరి జ్ఞాపకాలే కావచ్చు. వాటికి పదునిచ్చింది మాత్రం ఈ పలకే. బరోడా వెళ్లకుండా ఉంటే నిజాంపూర్ ఆయనకు ఇలా కనబడేదా అన్నది నా సందేహం.