ముక్కు వెనక కండ

ఆత్మకూర్ (ఎస్) నుంచి తెల్లారకముందే బయలుదేరిన తల్లి, సూర్యాపేటలో ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో ఐదేళ్ల పిల్లాడు. నోరు తెరుచుకునే ఊపిరి తీస్తున్నాడు. రాత్రిళ్లు గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పిలిస్తే వినిపించుకోకపోవడం. ముక్కులో వేసే స్ప్రేలు వాడి చూసినా తగ్గలేదు. ముక్కు వెనక పెరిగిన కండను, అంటే అడినాయిడ్‌ను, తీయడానికే ఇవాళ ఆపరేషన్.

"పొద్దుగాల ఏమన్న తిన్నడామ్మా?" మత్తు డాక్టరు అడుగుతున్నాడు.

"లేదు సార్. పాలకు ఏడ్చిండు గని ఇయ్యలే."

"బిస్కటు? చాక్లెటు?"

చాదస్తం కాదిది. మత్తులో కడుపులోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నానికి, పాలకు ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఎడం ఉండాలి. తర్వాతి ప్రశ్న ఇంకా లోతుది: "దెబ్బ తగిల్తే నెత్తురు జల్ది ఆగుతదా? మేనమామలకెవరికన్న ఆగకుండ కారిందా?" హీమోఫీలియా మగపిల్లలకు ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది మరి.

లోపల పిల్లాడు నిద్రపోయాడు. గొంతులో ట్యూబు, భుజాల కింద గుడ్డ చుట్ట, తల వెనక్కి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే మెడను ఇంతగా వంచరు, వాళ్ల మెడ పైఎముకల బిగువు తక్కువ కావచ్చు. సర్జన్ పరికరం అందుకోలేదింకా. ముందు వేలితో అంగిలి తడుముతున్నాడు, కొండనాలుక చీలి ఉందా అని చూస్తున్నాడు. అంగిలి పొర కింద దాగిన చీలిక ఉండి కండ మొత్తం తీసేస్తే, పిల్లాడి మాట ముక్కుతో రావచ్చు.

ఇప్పుడు మెత్తటి గొట్టం ముక్కులోంచి దూర్చి నోట్లోంచి లాగి అంగిలిని పైకెత్తారు. తెరమీద ఎండోస్కోపు చూపిస్తోంది: తొక్క తీసిన సంత్రా తొనల్లా నిలువు గాట్లు పడ్డ గులాబీ కండ. 1868లో కోపెన్‌హాగన్ డాక్టర్ విల్‌హెల్మ్ మేయర్ దీని గురించి రాసినప్పుడు ముక్కులోంచి ఉంగరం కత్తి దూర్చి, వేలి స్పర్శ ఆధారంగా గీసేవాడు. తర్వాత గీకే పరికరం క్యూరెట్ వచ్చింది, నేటికీ చాలాచోట్ల అదే. ఈ థియేటర్లో కోబ్లేషన్: సెలైన్, రేడియో తరంగాలతో తక్కువ వేడిలో కండను కరిగిస్తుంది. నా లెక్కలో పరికరం పేరు కన్నా, కంటితో చూస్తూ తీయడమే ముఖ్యం. పక్కనే చెవిగొట్టం ద్వారాలున్నాయి, గీరుకుంటే మచ్చకట్టి మూసుకుపోతాయి.

గాజుగుడ్డ నొక్కిపెట్టి ఆగారు. తీశారు. నర్సు గుడ్డముక్కల్ని గట్టిగా లెక్కపెడుతోంది, ఒక్కటీ తగ్గకూడదు. అంగిలి వెనక మళ్లీ సక్షన్: అక్కడ దాగిన గడ్డ నెత్తురు, ట్యూబు తీశాక శ్వాసనాళంలో పడితే ప్రాణం పోవచ్చు.

పక్కకు తిప్పి పడుకోబెట్టిన పిల్లాణ్ని నర్సు చూస్తోంది. మాటిమాటికీ గుటక వేస్తుంటే లోపల నెత్తురు కారుతుండొచ్చు.

ఇంటికెళ్లాక పది రోజులు కనిపెట్టుకోండి. ముక్కులోంచో నోట్లోంచో ఎర్రటి నెత్తురొచ్చినా, మెడ ఓ పక్కకు బిగుసుకున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.