ప్రభువుల సభలో ఒక రాత్రి



రచ్చబండపై కూర్చుండి తగవులు తీర్చు పెద్దలయొద్దకు ఒకడు వచ్చి, "అయ్యా, ఇకమీదట మీ మాటకింత చెల్లుబడి లేదు. ఈ కాగితముపై మీరే వ్రాలు చేయుడు" అనిన వారేమందురు? 1911వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని లండను నగరమున ప్రభువుల సభవారికి ఇట్టి పరీక్షయే సంప్రాప్తమయ్యెను.

ఆంగ్లేయుల పార్లమెంటునందు రెండు సభలు. దిగువది ప్రజలెన్నుకొనునది. ఎగువదగు ప్రభువుల సభయందు ఆనాడు పెక్కండ్రు పుట్టుకచేతనే స్థానము పొందినవారు, కొందరు మతాచార్యులు. దిగువసభ పంపిన బిల్లును త్రోసివేయు అధికారము వారికుండెడిది. 1909లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి, డెబ్బదియేండ్లు నిండిన పేదవృద్ధులకు వారమునకు 5 షిల్లింగుల వరకు నిచ్చు భరణమునకును, యుద్ధనౌకలకును ధనము చాలక, భూములపైనను గొప్ప ఆదాయములపైనను పన్నులు వేయబూనెను. ప్రభువులు దానిని నిరాకరించిరి. ప్రతికూలురు 350 మంది, అనుకూలురు 75గురు! 1910లో రెండుమారులు ఎన్నికలు జరిగెను. పిమ్మట ప్రధానమంత్రి ఆస్క్విత్, ఆ సభ యధికారమునే తగ్గించు బిల్లును తెచ్చెను. ధనసంబంధమైన బిల్లును నెలకు మించి ఆపరాదు. తక్కినవానిలో పెక్కింటిని రెండేండ్ల వరకే ఆపవచ్చును.

ఆ వారము ఇంగ్లండున అపూర్వమైన ఎండ. ముందునాడు 36 డిగ్రీలు దాటెను. మన రెంటచింతలవారు వినిన నవ్వుదురు గాని, చలిదేశపు ప్రభువులకు అదియే అగ్నిహోత్రము. ప్రతిపక్షనాయకుడు లాన్స్‌డౌన్ తనవారిని ఏ పక్షమునను వోటు చేయక తటస్థులుగా నుండుడని కోరెను. 87 ఏండ్ల హాల్స్‌బరీ ప్రభువు దానికి లొంగలేదు. ఓడినను సరే, వంగరాదని ఆ వృద్ధుని పట్టుదల. ఆయన వెంట నూరుమందికి పైగా నిలిచిరి.

ప్రభుత్వపక్షమున మాటాడినది మార్లే. మింటోతో కూడ మన దేశమున 1909 నాటి సంస్కరణలకు పేరు పడినవాడీయనయే. బిల్లు ఓడినచో, మరల ఓడకుండుటకు చాలినంతమంది క్రొత్తప్రభువులను సృజించుటకు రాజుగారు సమ్మతింతురని ఆయన ఒక కాగితము చూచి చదివెను. సభ్యులు మరియొకమారు చదువుమనిరి; చదివెను. అది బెదిరింపు కాదని అందరికిని తెలిసినది. ఆస్క్విత్ వద్ద సుమారు 250 పేర్ల పట్టిక సిద్ధముగా నుండెనని తరువాత బయటపడినది. అందు నవలాకారుడు తామస్ హార్డీ పేరు సైతము కలదు.

బంగాళమును రెండుగా చీల్చిన కర్జనును మనవారు మరువలేదు. మొదట కడదాక పోరుదమనినవాడే, రాజుగారి మాట నిజమని తెలిసికొని, ఆ రాత్రి సభ పరువు దక్కించుకొనుడని తనవారిని బతిమాలెను. కర్జనును మెచ్చుకొను అవకాశము నాకు తరచుగా రాదు. ఇచ్చట మెచ్చుకొనక తప్పదు.

ఎవరు గెలుతురో వోట్లు లెక్కించువరకు ఎవరికిని తెలియదు. లెక్కింపగా బిల్లునకు అనుకూలురు 131, ప్రతికూలురు 114. పదునేడు వోట్ల తేడా! ప్రభుత్వపక్షమువారు మాత్రమే వోటిచ్చియుండిన బిల్లు ఓడియుండెడిది. 13 మంది మతాచార్యులును, ప్రతిపక్షమునకు చెందిన 37 మంది ప్రభువులును దానిని గట్టెక్కించిరి. ఆగస్టు 18వ తేదీని రాజుగారి ఆమోదము లభించినది.

ఆ శాసనపు ఛాయ మన రాజ్యాంగమునందును కానవచ్చును. 109వ అధికరణము ప్రకారము ధనసంబంధమైన బిల్లును రాజ్యసభ 14 దినములలో తిరిగి పంపవలెను. దాని సిఫారసులను లోకసభ అంగీకరింపవచ్చును, మానవచ్చును.

హాల్స్‌బరీ నిజాయితీపరుడే. ఆయన అనుచరులకు వారి పక్షమున వీరులని పేరు వచ్చినది. ఆ 37 మందికి మాత్రము ఇంటిదారి కష్టమైనది. స్వపక్షమువారే వారిని ద్రోహులని దూషించిరి.