రెండద్దాల కిటికీకి ప్రాణం ఎక్కడుంది?

కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్ళినవాళ్ళకు అక్కడి కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. చేతిలో కొబ్బరిచిప్ప కనబడిందా, అది ఇక మనది కాదు. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో, మల్యాల మండలం ముత్యంపేట దగ్గరున్న ఈ కొండ మీదే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ వాటిదే రాజ్యం. పెంకుటిళ్ళ కాలంలో పెంకులు పీకేవి. స్లాబు ఇళ్ళు వచ్చాక కిటికీల మీద పడ్డాయి. పక్కకు జరిపే అద్దం రెక్కకు గొళ్ళెం సరిగా పడకపోతే వేళ్ళు దూర్చి లాగేయడం వాటికి క్షణంలో పని. స్వామివారి వానరసైన్యం కదా, కర్ర ఎత్తడానికి చెయ్యి రాదు. కిటికీ గట్టిగా మూసుకోవడమొక్కటే దారి.

ఆ మూసుకోవడం దగ్గరే అసలు చిక్కు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ముందు దర్వాజ టేకుదే అయినా, కిటికీలకూ బాల్కనీ తలుపులకూ ఇప్పుడు అల్యూమినియమో, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టికో వస్తోంది. కాస్త ఖర్చు పెట్టగలిగినవాళ్ళు జంట అద్దాలు వేయిస్తున్నారు. కొన్నేళ్ళు గడిచేసరికి హ్యాండిల్ వదులవుతుంది, తలుపు కిందికి దిగుతుంది, తాళంచెవి తిరగనని మొరాయిస్తుంది. ఎవరినైనా పిలిస్తే, ఒకసారి అటూ ఇటూ ఊపి చూసి, "ఇది మొత్తం తీసేసుడే సార్, కొత్తది పెట్టాలె" అనే మాట తరచుగా వినబడుతుంది. అద్దం చూస్తే చెక్కు చెదరలేదు. ఫ్రేముకు చెదా పట్టదు, తుప్పూ పట్టదు. మరి పాడైందేమిటి? కథల్లో మాంత్రికుడి ప్రాణం ఎక్కడో చిలకలో దాగి ఉన్నట్టు, ఈ కిటికీ ప్రాణం రెక్క అంచు గాడిలో దాగిన చిన్న లోహపు సరంజామాలో ఉంది. దాన్ని విడిగా తీసి మార్చుకోవచ్చు. అలా మార్చుకునే వీలు దానంతటది రాలేదు. దాని వెనక నూటయాభై ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

ఒకే వేసవిలో రెండు పేటెంట్లు

1865 జూన్ 27న అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ ఒక తాళానికి పేటెంట్ పొందాడు. అదే ఏడాది ఆగస్టు 1న న్యూయార్క్‌కు చెందిన థామస్ స్టెట్సన్ జంట అద్దాల పలకకు పేటెంట్ పొందాడు. మధ్య తేడా ఐదు వారాలు. ఈ రెండూ ఒకే తలుపులో చేరి మన ఇంటికి రావడానికి మాత్రం తరాలు పట్టింది.

యేల్‌ది తాళాలు చేసే ఇల్లు. తండ్రిదీ ఆ వృత్తే. కొడుకు మొదట్లో బొమ్మలు గీసే పనిలో ఉండి, తర్వాత తాళాల వైపు తిరిగాడు. ప్రాచీన ఈజిప్టులో కర్రతో చేసిన గడియలుండేవి. వాటిలో పైనుంచి చిన్న కర్ర మేకులు జారి గడియను కదలకుండా పట్టుకునేవి. తాళంచెవి పళ్ళతో ఆ మేకుల్ని పైకి లేపితేనే గడియ జరిగేది. ఆ సూత్రాన్నే యేల్ ఇత్తడి గొట్టంలోకి కుదించాడు. వరుసగా నాలుగైదు పిన్నులు, ఒక్కో పిన్ను రెండు ముక్కలు, పైన స్ప్రింగు. సరైన చెవి పెడితే ప్రతి పిన్ను అతుకూ ఒకే గీత మీదికి వస్తుంది, లోపలి బిళ్ళ తిరుగుతుంది. ఒక్క పిన్ను అర మిల్లీమీటరు తేడాగా ఉన్నా తిరగదు. చేటంత ఇనుప చెవుల స్థానంలో జేబులో పట్టే పల్చటి చెవి వచ్చింది. 1868లో సంస్థ పెట్టిన యేల్ ఆ ఏడాది డిసెంబరులోనే కన్నుమూశాడు. ఈ రోజు మన ఇళ్ళలో తిరుగుతున్న చెవుల్లో చాలావాటికి మూలం ఆ ఇత్తడి గొట్టమే.

స్టెట్సన్ ఆలోచన ఇంకా సాదాగా ఉంటుంది. రెండు అద్దాల మధ్య కాస్త ఎడం ఉంచి, అంచులు మూసేస్తే లోపల గాలి కదలకుండా చిక్కుకుంటుంది. గాజుతో పోలిస్తే కదలని గాలి వేడిని దాదాపు 40వ వంతే ప్రసరింపజేస్తుంది. ఆలోచన బాగుంది గానీ అంచులు ఏళ్ళ తరబడి ఊడకుండా పట్టి ఉంచే జిగురు అప్పుడు లేదు. తేమ దూరితే అద్దాల నడుమ ఆవిరి కమ్ముతుంది, తుడుద్దామన్నా చెయ్యి పోదు. 1930ల్లో అమెరికాలోనే చార్లెస్ హేవెన్ ఆ అంచు సమస్య మీద కుస్తీ పట్టాడు. ఆ పని నుంచి వచ్చిన 'థర్మోపేన్' అద్దాన్ని లిబ్బీ ఓవెన్స్ ఫోర్డ్ సంస్థ బజారులోకి తెచ్చింది. 1973 చమురు సంక్షోభంతో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం భారమయ్యాక, యూరప్‌లో జంట అద్దం ఇంటింటి సరుకైంది.

బరువు తెచ్చిన తంటా

అద్దం రెట్టింపైతే బరువూ రెట్టింపవుతుంది. ఒక చదరపు మీటరు గాజు, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్ల ఒంటి అద్దం చదరపు మీటరుకు 10 కిలోలు. 5 మిల్లీమీటర్లవి రెండు కలిపితే 25 కిలోలు. రెండు చదరపు మీటర్ల బాల్కనీ తలుపులో ఒక్క గాజే 50 కిలోలన్నమాట. ఆదిలాబాద్ టేకు దర్వాజకు పొడవాటి స్క్రూలు దిగ్గొట్టి, మూడు కబ్జాలు బిగిస్తే తరాలు నిలిచింది. లోపల డొల్లగా ఉండే యూపీవీసీ ఫ్రేము అలా మొయ్యలేదు. లోపల స్టీలు పట్టీ దూర్చి, కబ్జా స్క్రూలు ఆ స్టీలును పట్టుకునేలా చెయ్యాల్సి వచ్చింది.

ఇంకో తంటా రబ్బరుది. జంట అద్దం లాభం దక్కాలంటే రెక్క చుట్టూ ఉన్న రబ్బరు అన్నివైపులా సమంగా నొక్కుకోవాలి. పాత కిటికీకి మధ్యలో ఒక గడియ, పైన ఒక బోల్టు ఉంటే సరిపోయేది. సందుల్లోంచి గాలి వచ్చినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు ఒక్క చోట బిగిస్తే మిగతా మూడు వైపులా సందు మిగులుతుంది. చుట్టూ చాలాచోట్ల బిగించాలి, కానీ చెయ్యి వేసేది ఒక్కచోటే కావాలి.

ఈ ముడి విప్పడానికి పనికొచ్చిన పని జర్మనీలో ముందే జరిగి ఉంది. 1935లో స్టట్‌గార్ట్‌లో విల్‌హెల్మ్ ఫ్రాంక్ ఒక సంస్థ పెట్టాడు. ఇప్పటి రోటో సంస్థ అదే. ఒకే హ్యాండిల్‌తో రెండు విధాలుగా తెరుచుకునే కిటికీ సరంజామాను మొదటిసారి కర్మాగారంలో తయారు చేసింది ఆయనే. హ్యాండిల్ కిందికి ఉంటే బిగింపు. అడ్డంగా తిప్పితే తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. పైకి తిప్పితే కిటికీ పై అంచు మాత్రం లోపలికి వాలుతుంది. హ్యాండిల్ తిప్పగానే లోపలి పళ్ళచక్రం రెక్క అంచు గాడిలోని పట్టీలను జరుపుతుంది. ఆ పట్టీలకున్న గుబ్బలు చౌకట్టుకు బిగించిన కొక్కాల్లోకి దూరి రెక్కను దగ్గరికి లాక్కుంటాయి. తలుపుల్లో ఇదే పద్ధతి ఇంకాస్త బలంగా ఉంటుంది. హ్యాండిల్ పైకి ఎత్తితే పైనా కిందా మధ్యలోనూ కొక్కేలు బయటికొస్తాయి. ఆ తర్వాత తాళంచెవి తిప్పితే అవి కదలవు.

కొలతలు కుదిరిన కాలం

1950ల నడుమ జర్మనీలోని ట్రాయిస్‌డార్ఫ్‌లో డైనమిట్ నోబెల్ సంస్థ పీవీసీ కిటికీలు చెయ్యడం మొదలుపెట్టింది. ఫ్రేము పట్టీలు (ప్రొఫైళ్ళు) చేసేవాళ్ళు వేరు, అద్దం చేసేవాళ్ళు వేరు, తాళం చేసేవాళ్ళు వేరు అయ్యాక ఒకరి ముక్క ఇంకొకరి దాంట్లో ఇమడాలి. అందుకే కొలతలు ఒక దారికి వచ్చాయి. యూరప్ తరహా కిటికీ హ్యాండిల్ వెనక ఉండే చదరపు కడ్డీ 7 మిల్లీమీటర్లు. దాని రెండు స్క్రూల మధ్య దూరం 43 మిల్లీమీటర్లు. తలుపుల్లో హ్యాండిల్ నడిమికీ తాళం నడిమికీ మధ్య దూరం ఎక్కువగా 85 లేదా 92 మిల్లీమీటర్లు.

తాళం సంగతీ అంతే. యేల్ చేసిన గొట్టాన్ని 1920ల్లో జర్మన్లు కొత్త ఆకారంలో పోతపోశారు. పైన 17 మిల్లీమీటర్ల గుండ్రటి తల, కింద సన్నటి తోక, మొత్తం ఎత్తు 33 మిల్లీమీటర్లు. తలుపు అంచునుంచి దూర్చే ఒక్క స్క్రూ దాన్ని పట్టి ఉంచుతుంది. చెవుల్లో ఒకటి పోయిందంటే ఆ ఒక్క స్క్రూ తీసి గొట్టం మార్చుకోవచ్చు, తలుపును ముట్టుకోనక్కర్లేదు. చూసేవాళ్ళకు ఇవి వట్టి అంకెలు. మరమ్మతు చేసేవాడికి ఇవే ఆస్తి. కిటికీ చేసిన కంపెనీ మూతబడినా, ఆ కొలతకు సరిపోయే ముక్క ఇంకొకరి దగ్గర దొరుకుతుంది.

మనవైపు ఈ సరుకు రావడానికి హైదరాబాదుకు చెందిన ఎన్‌సీఎల్ జర్మనీ వేకాతో చేతులు కలపడం లాంటి ఒప్పందాలు దారి వేశాయి. జిల్లా కేంద్రాల్లో ఫ్యాబ్రికేషన్ షాపులు పుట్టుకొచ్చాయి. బిగించేవాళ్ళు పెరిగినంతగా బాగుచేసేవాళ్ళు పెరగలేదు.

మన ఎండ, మన దుమ్ము

యూరప్ చలికి పుట్టిన సరంజామా ఇక్కడ వేరే పరీక్షకు నిలబడాలి. మే నెలలో జగిత్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. 2 మీటర్ల యూపీవీసీ ప్రొఫైల్ 30 డిగ్రీల తేడాకు లెక్క ప్రకారం 4 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. చలికాలంలో జారిపోయినట్టు పడిన గడియ మే మధ్యాహ్నం పట్టేస్తుందంటే కారణం ఇదే. ఆ వేళలో హ్యాండిల్‌ను బలంగా గుంజితే లోపలి పళ్ళచక్రం విరుగుతుంది.

దుమ్ము ఇంకో శత్రువు. కరీంనగర్ గ్రానైటుకు పేరున్న జిల్లా. రాతిపొడి, రోడ్డు దుమ్ము కలిసి జారుడు కిటికీ పట్టాలో చేరితే, కింది చక్రాలు తిరగడం మానేసి ఈడ్చుకుపోతాయి. ఆపై మన అలవాటొకటి ఉంది. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోస్తాం. రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, తర్వాత ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుని పిన్నులు ముద్ద కడతాయి. తాళం గొట్టంలో వేయాల్సింది గ్రాఫైట్ పొడి. కొక్కేలకూ కబ్జాలకూ పల్చటి మిషను నూనె చాలు. ఇల్లు ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంటే ఇవేవీ జరగవు కాబట్టే, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మొదటి రోజే తలుపుతో తగాదా మొదలవుతుంది.

విప్పి చూస్తే

రోగం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. తలుపు పూర్తిగా తెరిచి, గాల్లోనే హ్యాండిల్ ఎత్తి చెవి తిప్పండి. సాఫీగా తిరిగిందంటే తాళం బాగుంది. తలుపు దిగి, కొక్కేలు రంధ్రాలకు ఎదురుగా రావడం లేదన్నమాట. తెరిచినప్పుడు కూడా పట్టేస్తుంటే లోపలి పళ్ళచక్రమో తాళం గొట్టమో పోయింది. తాళం గొట్టం తీసేసి హ్యాండిల్ మళ్ళీ ఆడిస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది.

తలుపు దిగితే మొదట చూడాల్సినవి కబ్జాలు. చాలావాటిలో చిన్న మూత కింద 4 మిల్లీమీటర్ల ఎలన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. కాస్త కాస్త తిప్పుతూ, మూసి చూసుకుంటూ పైకి లేపాలి. అయినా కుదరకపోతే లోపం అద్దం అమరికలో ఉంటుంది. ఫ్రేములో అద్దం ప్లాస్టిక్ బిళ్ళల మీద కూర్చుంటుంది. కబ్జా వైపు కింది మూలలో ఒకటి, దానికి ఐమూలగా పైన ఇంకొకటి ఉంటే, అద్దం బరువంతా కబ్జా వైపు దిగి రెక్క చతురస్రంగా నిలబడుతుంది. బిళ్ళ జారితే రెక్క వాలుతుంది. లోపలివైపు పట్టీలు ఊడదీసి బిళ్ళలు సరిచేస్తే, కొత్త తలుపు అవసరమన్నది కాస్తా కొద్ది గంటల పనిగా తేలుతుంది. బరువైన రెక్క కాబట్టి ఇది ఇద్దరు కలిసి చేసే పని.

తాళం గొట్టం మార్చడం ఇంకా తేలిక. తలుపు అంచున తాళానికి సూటిగా ఉన్న స్క్రూ విప్పాలి. చెవి పెట్టి కొద్దిగా తిప్పి పట్టుకుంటే, గొట్టం మధ్యనున్న నాలుక లోపలికి సర్దుకుని గొట్టం చేతికి వస్తుంది. స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా ఎంతుందో విడివిడిగా కొలవాలి. కొత్తది బయటివైపు 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు. పొడుచుకొస్తే దొంగ పట్టకారుతో పట్టి విరిచేస్తాడు. బ్రిటన్‌లో ఈ రకం దొంగతనాలు పెరిగాకే విరవడానికి లొంగని గొట్టాలు వచ్చాయి.

బయటికి తెరుచుకునే కిటికీలకు పైనా కిందా ఉండే స్టీలు చేతుల్లో ఇత్తడి జారుడు ముక్క ఒకటుంటుంది. అది అరిగితే గాలికి రెక్క కొట్టుకుంటుంది. పాతదాని పొడవు, మడిచినప్పుడు దాని మందం కొలిచి అదే కొలతది తెచ్చుకోవాలి. రెండింటినీ ఒకేసారి మార్చడం మేలు. రెండద్దాల నడుమ ఆవిరి కమ్మడమొక్కటి ఈ జాబితాలోకి రాదు. అది అద్దం అంచు వదిలేసిన గుర్తు, ఆ అద్దం పలకనే మార్చాలి. అప్పుడు కూడా ఫ్రేము ఉన్నచోటే ఉంటుంది.

యేల్ నుంచి ఫ్రాంక్ దాకా వచ్చిన ఈ సరంజామా అంతా ముక్కలుగా విడదీసి బాగుచేసుకోవడానికి అనువైనది. అలాంటిదాన్ని ఒక హ్యాండిల్ కోసం మొత్తం పెకలించడం డబ్బు దండగ, సరుకు దండగ. కొత్తగా కిటికీలు పెట్టించుకునేవాళ్ళు బిల్లు మీద హ్యాండిల్, తాళం, కబ్జాల కొలతలు, తయారీదారు పేరు రాయించుకోండి. పాతది పాడైనవాళ్ళు మొత్తం మార్చమని చెప్పే ముందు పాడైన ముక్కను విప్పించి, చేతిలో పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళండి. ఊళ్ళో వడ్రంగం, ఫ్యాబ్రికేషన్ తెలిసిన కుర్రాళ్ళు ఈ మరమ్మతు పని నేర్చుకుంటే గిరాకీకి లోటుండదు.