జర్మను పల్లెపోలీసుల పాత ఆయుధములు

ఆయుధసేకరణమున అభిరుచి గలవారు లోకమున పలువురు గలరు. రాజుల ఖడ్గములు, సేనానుల పిస్తోళ్లు, వెండిపిడుల వేటతుపాకులు - వీనికే గిరాకి మెండు. జర్మనీలో పల్లెపోలీసు నడుమున వ్రేలాడిన మామూలు రివాల్వరునకు అట్టి సొగసు లేదు. అయినను ఐరోపాలోను, అమెరికాలోను కొందరు శ్రద్ధాళువులు ఏండ్ల తరబడి వానినే వెదకి, భూతద్దముతో పరిశీలించి, గ్రంథములు సైతము వ్రాసిరి. వారిని ఆకర్షించినది తుపాకి కాదు; దాని ఉక్కుపై కొట్టియున్న నాలుగైదు అక్షరములు.

ఆ అక్షరముల విలువ తెలియవలెనన్న ఆ దళముల పుట్టుక కొంత తెలియవలెను. 19వ శతాబ్ది ఆరంభమున జర్మనీ ఏకరాజ్యము కాదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ మున్నగునవి వేర్వేరు రాజ్యములుగ నుండెను. నెపోలియను ప్రాబల్యపు దినములలో ఫ్రెంచివారి ‘జెండార్మెరీ’ని చూచి ఈ రాజ్యములును పల్లెలకు అట్టి సాయుధరక్షకదళములను ఏర్పరచుకొనెను. ప్రష్యాలో మంత్రి హార్డెన్‌బెర్గు కాలమున 1812 జులై 30వ తేదీ శాసనము వెలువడెను. అదే యేడు అక్టోబరులో బవేరియాయు ఆ త్రోవనే త్రొక్కెను. ప్రష్యా శాసనము భూస్వాములైన ప్రభువుల అధికారమునకు కత్తెర వేయునదగుటచే వారు గగ్గోలు చేసిరి. తుదకు 1820లో ప్రభుత్వము దానిని సడలించి, దళమును కుదించి, కేవలము పోలీసుపనికే పరిమితము చేసెను. పల్లెల పాలనను ప్రభువుల పట్టునుండి తప్పింపబూనిన సంస్కరణము ఇట్లు నడుమనే నిలిచిపోవుట శోచనీయము.

సైన్యమున హవల్దారు వంటి పదవులలో చిరకాలము పనిచేసినవారిని ఏరి ఈ దళమున చేర్చుకొనెడివారు. క్రమశిక్షణకు వారు సైన్యశాఖకును, నిత్యకృత్యములకు పౌరాధికారులకును లోబడి యుండిరి. ఇద్దరు యజమానుల కొలువు ఎంత సుఖమో పాఠకు లూహింపగలరు. పట్టణపు పోలీసునకు పిలిచిన పలుకు తోడివాడుండును; పల్లెపోలీసు కొన్ని గ్రామములకు ఒంటరి కాపు. దేశదిమ్మరులను కనిపెట్టుట, సత్రములను తనిఖీ చేయుట, సంతలలో తగవులణచుట, దొంగవేటగాండ్రను పట్టుట అతని పని.

అతని ఆయుధములు తరచు సైన్యమునకై చేసినవే. 1879వ సంవత్సరపు రివాల్వరు ఇందులకు తార్కాణము. దాని గుండు వ్యాసము 10.6 మిల్లీమీటర్లు, తిరుగుడు చక్రమున ఆరు తూటాలు పట్టును. పేల్చిన తూటాల గుల్లలను వెలికి నెట్టు సాధన మందు లేదు. ఒక్కొక్కదానిని పుల్లతో పొడిచి తీసి, మరల ఒక్కొక్క తూటా నింపవలెను! 1883లో గొట్టము కురుచ చేసిరి గాని ఈ లోపము సవరింపలేదు. 20వ శతాబ్దిలో సాక్సనీ జెండార్మెరీ 1907వ సంవత్సరపు ‘డ్రైజె’ పిస్తోలును స్వీకరించెను. దానిని నిర్మించినవాడు లూయీ ష్మైసరు. పేరు మాత్రము అంతకు నలువదేండ్లక్రితమే, 1867లో, గతించిన సూదితుపాకి నిర్మాత డ్రైజెది. ఈ పిస్తోళ్లపై రాచరిక సాక్సనీ జెండార్మెరీని తెలుపు పొడి అక్షరములును, సంఖ్యయు కానవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఈ ముద్రల కథ మరింత రసవత్తరమైనది. 1919 వర్సెయి సంధి జర్మనీ సైన్యమును లక్షమందికి కుదించెను. ఊరూర దాగిన ఆయుధములను రాబట్టుటకు 1920 ఆగస్టు 7న చట్టము చేసిరి. ప్రభుత్వసొత్తును దొంగసొత్తునుండి వేరుపరచుటకై పిస్తోళ్లపై 1920 అను అంకె కొట్టిరి. ఒకే లూగరు పిస్తోలుపై 1916, 1920 అను రెండు సంవత్సరములు కనబడుట ఇందువలననే. ప్రష్యా పల్లెపోలీసుదళము సైన్యమునుండి విడివడి ‘లాండ్‌యేగెరై’ అను పేరు దాల్చెను. దాని ఆయుధముపై మొదట ‘ఎల్’ అక్షరము, పిదప జిల్లా పేరునకు గుర్తు, ఆపై సంఖ్య. పట్టణపు పోలీసునకు ‘ఎల్’ బదులు ‘ఎస్’. గ్రంథాలయపు పుస్తకముపై ముద్రయు, చేర్పు సంఖ్యయు ఏ పని చేయునో ఇవియు నదే పని చేసెను: ఇది ఎవరిది, ఎవరి చేతికిచ్చితిమి, పోయినచో ఎవరు బాధ్యులు అని చెప్పుట.

తుపాకిమందు పెట్టెకు, అనగా తూటాల అరకుసైతము సంఖ్య వేసెడివారు. ఒక్కొక్క లూగరునకు రెండు అరలు. ఒకదానిపై 1, రెండవదానిపై 2. ఈ రెండును పిస్తోలుతో జతగ దొరకుట సేకర్తకు పండుగ. తుడుచునపుడు విడదీసిన లూగరు పొరపాటున పేలి ప్రమాదములు కలుగవచ్చును గనుక 1930 తరువాత పోలీసు పిస్తోళ్లకు చిన్న యుక్కు బద్ద అడ్డుగ అమర్చిరి. అదియు నొక ఆనవాలు.

అమ్మకపువారు మెరుగు పెట్టగోరి ఆకురాయి తగిలించినచో ఒక జిల్లా చరిత్ర తుడిచిపెట్టుకొనిపోవును. కొత్తగ అక్షరములు కొట్టి ధర పెంచు మోసగాండ్రును కలరు. పాతముద్ర చుట్టు ఉబికిన అంచు కాలక్రమమున అరిగి నునుపు దేరును. దొంగముద్ర అంచు వాడిగ నుండును. ఇంత శ్రమ యేలయన, 1945 ఏప్రిల్ 14న పోట్స్‌డాము నగరముపై బాంబులు పడినపుడు ప్రష్యా సైనిక దస్తావేజులలో అత్యధికభాగము దగ్ధమైనది. కాగితము కాలిపోగా ఉక్కు మిగిలినది.

కాని ఆ యుక్కును ఒకచో మూగవోయెను. 1936 జూన్ 17న హిమ్లరు జర్మనీ పోలీసులందరికి అధిపతియయ్యెను. జిల్లాను, దళమును తెలుపు ముద్రలు కొట్టు ఆచారము ఆ రోజులలోనే అంతరించెను. తరువాతి పిస్తోళ్లపై పోలీసు తనిఖీని తెలుపు గ్రద్దబొమ్మ తప్ప వేరు జాడ లేదు. 1941 పిదప జెండార్మెరీవారు ఆక్రమిత తూర్పుదేశములకు పంపబడి, యూదుల నిర్మూలనమున పాలుగొనిరి. ఏ పిస్తోలు ఎవని చేతనుండెనో తప్పక తెలియవలసిన కాలమున అది చెప్పు అక్షరములు లేవు. ఈ కాలపు ఆయుధములను బల్లపై పరచి మురియువారు ఈ మాట మరచుట తగదు.

1946 జనవరిలో విజేతలైన నాలుగు రాజ్యములవారు జర్మనులు తమ ఆయుధముల నెల్ల అప్పగింపవలెనని ఆజ్ఞాపించిరి. అనేకములు సైనికుల సంచులలో జ్ఞాపకచిహ్నములుగ అమెరికా చేరెను. అచ్చటి సేకర్త ముద్రను చదివి పటము విప్పినచో పెక్కుమారులు ఆ జిల్లా కానరాదు. క్యోనిగ్స్‌బెర్గు రష్యాలో కాలినిన్‌గ్రాదయ్యెను; బ్రెస్లా పోలండులో వ్రొత్స్వాఫ్ అయ్యెను. ప్రష్యా రాజ్యమునే 1947 ఫిబ్రవరి 25న రద్దుచేసిరి.