అమ్మమ్మ సర్పి, మనవడి ఆటలమ్మ

పోయిన నెల మా అత్తయ్యగారికి నడుము పక్కన సర్పి లేచింది. రెండు వారాలకి మా నాలుగేళ్ళ వాడికి ఆటలమ్మ, అదే చికెన్‌పాక్స్. నర్సరీలో అంటించుకొచ్చాడనుకున్నాం. వాకబు చేస్తే అక్కడ ఎవరికీ లేదు. "నా ఒళ్ళో పడుకున్నాడు, నావల్లేనేమో నాయనా" అని ఆవిడ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పైగా మా మరదలు నెల తప్పి ఉంది, మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది.

ఆవిడ అనుమానం నిజమే. ఆ సంగతి తేల్చినవాడు ఈ దేశపు పల్లె డాక్టరు, ఎడ్గార్ హోప్-సింప్సన్. సైరెన్‌సెస్టర్‌లో ప్రాక్టీసు. సర్పి, ఆటలమ్మ రెండిట్లోనూ ఉన్నది ఒకే వైరస్ అని 1950ల్లో అమెరికాలో థామస్ వెల్లర్ చూపించాడు. మరి ముసలివాళ్ళకి అది ఎక్కణ్ణుంచి వస్తోంది? పక్కవాళ్ళ నుంచి అంటుకుంటోందా?

హోప్-సింప్సన్ తన దగ్గరికొచ్చే సుమారు 3,500 మంది జనంలో 16 ఏళ్ళపాటు ప్రతి సర్పి కేసూ రాసిపెట్టుకున్నాడు. మొత్తం 192. ఆటలమ్మ అలలు అలలుగా వచ్చిపోతోంది, సర్పి మాత్రం ఆ అలల్ని పట్టించుకోవటం లేదు. షెట్లండ్ దీవుల్లోని యెల్‌కి కూడా వెళ్ళి, అక్కడి జనం మధ్య ఇదే పరిశీలించాడు.

దీవులెందుకంటే, పక్కనే ఉన్న ఫారో దీవుల కథ చూడండి. 1781 తర్వాత అక్కడ 65 ఏళ్ళు తట్టు లేదు. 1846లో పడవలో మళ్ళీ వచ్చి, 7,800 మంది జనాభాలో సుమారు 6,000 మందిని పడగొట్టింది. తట్టు వైరస్‌కి ఎప్పుడూ కొత్త మనిషి కావాలి, చిన్న ఊళ్ళో దొరక్క ఆరిపోతుంది. ఆటలమ్మ వెయ్యిమంది లేని చోట కూడా బతుకుతుంది. దాని కిటుకు వేరు: తగ్గాక పోదు. చర్మం నుంచి నరాల వెంట పాకి వెన్ను పక్కనుండే నరాల ముడుల్లో దాక్కుంటుంది. వయసుతో ఒంటి కాపలా సడలగానే అదే నరం వెంట దిగివస్తుంది. అందుకే సర్పి ఒకవైపే, పట్టీలా లేస్తుంది. ఆ పొక్కుల నీళ్ళు తగిలితే, ఎప్పుడూ ఆటలమ్మ రాని పిల్లవాడికి ఆటలమ్మ వస్తుంది. అలా తాత కాలం నాటి వైరస్ మనవడి తరానికి చేరుతుంది.

1965లో ఆయన ఈ మాట రాసినప్పుడు అది ఊహే. వైరస్ డిఎన్ఏని నరాల ముడుల్లో 1983లో పట్టుకున్నారు. ఆయన 2003 దాకా బతికాడు, అదీ చూశాడు.

అదే వ్యాసంలో ఇంకో మాటుంది: చుట్టూ పిల్లలకి ఆటలమ్మ వస్తుంటే పెద్దల కాపలా పదునెక్కుతుందని. ఆ భయంతోనే కొంతవరకు బ్రిటన్ పిల్లలకి టీకా ఇవ్వకుండా చాలా ఏళ్ళు ఆగింది. అమెరికా 1995లోనే మొదలుపెడితే, ఇక్కడ 2026 జనవరి దాకా పట్టింది. వ్యాసం ఆయనదే, ఆగటం మాత్రం మరీ ఎక్కువైందని నా అభిప్రాయం.

మా మరదలికి రక్తపరీక్ష చేశారు. చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చిపోయిందట, భయం లేదన్నారు. అత్తయ్యగారికి ఏడో ఏట తెనాలిలో వచ్చిందట, వేపాకు మండల మీద పడుకోబెట్టారట. ఆ రోజు నుంచి అరవై ఆరేళ్ళు ఆ వైరస్ ఆవిడ వెన్ను పక్కనే ఉంది. ఇదంతా చెబితే, "అయితే వాడికీ నా వయసొచ్చాక వస్తుందా?" అని అడిగారు. రావచ్చు, కానీ అప్పటికి వాడు సర్పి టీకా వేయించుకుని ఉంటాడన్నాను. ఆ రాత్రి కాస్త అన్నం తిన్నారు.