మట్టిబండి నుంచి రిమోట్ కారు దాకా

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచిక అనగానే డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్టు, ఇవే మన పేజీలన్నీ నింపేస్తాయి. ఈసారి ఇంటిల్లిపాదీ చదివేది ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. మన సభ్యుల్లో చాలామందిమి తాతలం, అమ్మమ్మలం, నాయనమ్మలం. పండక్కి వచ్చే చంటివాడికి ఏ బొమ్మ కొనాలన్నది అందరికీ ఉన్న చిక్కే. వాడేమో “రిమోట్ కారు” అంటాడు. దుకాణంలో నిలబడితే ఏది మంచిదో మనకు పాలుపోదు. అందుకని ఆ కారు పూర్వాపరాలన్నీ ఒక ఫైలుగా కట్టి మీ ముందు పెడుతున్నాను. ఇందులో నా సొంత తప్పు కూడా ఒకటి ఉంది. దాన్నీ దాచకుండా రాస్తున్నాను.

బండి పాతదే

పిల్లవాడికి ఆడుకోవడానికి బండి చేసివ్వడం నిన్న మొన్నటి అలవాటు కాదు. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన బుల్లి బండ్లు బయటపడ్డాయి. అవి నాలుగు వేల సంవత్సరాలకు పైబడినవి.

శూద్రకుని ‘మృచ్ఛకటికం’ మీలో చాలామందికి తెలుసు. ఆ పేరుకు మట్టిబండి అనే అర్థం. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుంటాడు. వాళ్ళు తమ బండి తీసుకుపోగానే ఏడుపు. దాసి రదనిక మట్టితో బండి చేసి ఇస్తే, అది వద్దు, బంగారపుదే కావాలని మారాం. చివరకు వసంతసేన తన నగలు ఒలిచి ఆ మట్టిబండిలో పోసి, బంగారు బండి చేయించుకోమంటుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తుని మెడకు చుట్టుకుంటాయి. ఈ ఘట్టం ఇవాళ్టికీ ప్రతి ఇంట్లో జరుగుతోంది. ఇంట్లో ఏముందన్నది కాదు, పక్కింట్లో ఏముందన్నదే పిల్లవాడికి లెక్క. పెద్దవాళ్ళమైనా మనదీ అదే వరస అని నేను తరువాత తెలుసుకున్నాను.

నేను 1950లో విశాఖ జిల్లా పల్లెలో పుట్టాను. వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండింటికి నడుమ పుల్ల గుచ్చి, పంగల కర్రతో దాన్ని తోసుకుంటూ ఊరంతా పరిగెత్తేవాళ్ళం. ఖర్చు లేదు, రిపేరు లేదు. ఒకటి పగిలితే ఇంకొకటి. తిరణాల నుంచి మా మామ్మ ఏటికొప్పాక లక్కబొమ్మ తెచ్చిన రోజు మాత్రం మాకు పండగే. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిణ మీద తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

తాళంచెవి బండ్లు

తనంత తాను పరిగెత్తే బండి ఐరోపాలో తయారైంది. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణం రేకు బొమ్మలకు పుట్టినిల్లు. లోపల గడియారంలో ఉన్నట్టే ఒక స్ప్రింగు ఉంటుంది. తాళంచెవితో బిగించి వదిలితే బండి పోతుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాను సంగతి వినదగినది. దేశం బూడిదైపోయింది. తినడానికి తిండి లేదు. 1945 డిసెంబరులో, అంటే యుద్ధం ముగిసిన నాలుగు నెలలకే, కొసుగె అనే బొమ్మల పనివాడు అమెరికను సైనికులు వాడి పారేసిన డబ్బాల రేకును సాపు చేసి చిన్న జీపు బొమ్మలు తయారుచేశాడు. క్యోటో నగరంలో ఒక్కొక్కటి 10 యెన్లకు అమ్మితే జనం బారులు తీరి కొన్నారు. అన్నం దొరకని రోజుల్లో కూడా తల్లిదండ్రులు బొమ్మ కోసం వరసలో నిలబడ్డారంటే పిల్లవాడి ఆట ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఆ తరువాత రేకు బొమ్మలే జపాను ఎగుమతుల్లో పెద్ద పద్దు అయ్యాయి.

ఇంగ్లండులో ఇంకో కథ. జాక్ ఓడెల్ అనే ఇంజనీరు కూతురు చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోనిచ్చేవారట. ఆయన ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. దాంతో బడి పిల్లలందరూ తమకూ కావాలన్నారు. 1953లో ‘మ్యాచ్‌బాక్స్’ కార్లుగా అవి బజారుకెక్కాయి. ఒక తండ్రి కూతురికి సరిపడా కొలత చూసి చేసిన బొమ్మ లోకమంతా తిరిగింది.

గాలిలో అందే ఆజ్ఞ

ఇక రిమోటు విషయం. దీనికి మూలపురుషుడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఆయన నీటి తొట్టిలో ఒక ఇనుప పడవను వదిలి, తీగ లేకుండా దూరం నుంచే నడిపించాడు. 64కు ఘనమూలం ఎంత అని ఎవరో అడిగితే పడవ మీది దీపాలు నాలుగుసార్లు వెలిగాయని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. పడవ లెక్క కట్టిందని చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. మీట నొక్కింది టెస్లాయే. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. ఆయన దృష్టిలో అది నౌకాదళానికి పనికొచ్చే ఆయుధం. ఆ ఆలోచన ఆటబొమ్మగా దుకాణంలోకి దిగడానికి యాభై ఏడేళ్ళు పట్టింది. 1955లో జపాను కంపెనీ మసుదాయా ‘రేడికాన్’ బస్సును అమ్మకానికి పెట్టింది. రేడియోతో నడిచే తొలి ఆటబొమ్మగా దానికి పేరు. 1966లో ఇటలీ నుంచి ఫెరారీ కారు నమూనా వచ్చింది. 1976లో జపానుకే చెందిన తామియా కంపెనీ రేడియో పోర్షేతో ఈ సరదాను ప్రపంచమంతా పాకించింది. నమూనా అచ్చంగా ఉండాలని కంపెనీ అధిపతి అసలు పోర్షే కారునే కొని భాగాలు విప్పదీయించాడు.

ఇది పనిచేసే తీరు మన తరానికి చెప్పడం తేలిక. శుభాకాంక్షల టెలిగ్రాములు గుర్తున్నాయా? ఒక్కో వాక్యానికి ఒక్కో నంబరు ఉండేది. నంబరు పంపితే చాలు, అవతలి ఆఫీసులో వాక్యమంతా అచ్చయ్యేది. 2013 జూలైలో ఆ టెలిగ్రాము వెళ్ళిపోయింది గాని, పద్ధతి మన మనవడి చేతిలో ఉంది. రిమోటు మీద మీట నొక్కితే ఒక గుర్తు గాలిలో వెళుతుంది. కారులోని యంత్రం దాన్ని చదువుకుని ముందుకో వెనక్కో మోటారు తిప్పుతుంది.

చాలాకాలం ఈ బొమ్మలన్నీ 27 లేక 49 మెగాహెర్ట్జ్ అనే ఒకటి రెండు దారుల్లోనే మాట్లాడుకునేవి. దాంతో ఇద్దరు పిల్లలు ఒకేచోట ఆడితే ఒకడి రిమోటుకు ఇంకొకడి కారు కదిలేది. ఇప్పుడు చాలా కార్లు 2.4 గిగాహెర్ట్జ్ అనే కొత్త దారిలో నడుస్తున్నాయి. అందులో ప్రతి రిమోటూ తన కారునే గుర్తుపడుతుంది. ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన వాళ్ళం మనం. ఆ దారిని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది.

నా తప్పు

2006లో, రిటైర్‌మెంటుకు రెండేళ్ళ ముందు, సరెండర్ లీవు డబ్బు చేతికొచ్చింది. మా అమ్మాయి కొడుక్కి అప్పుడు అయిదేళ్ళు. మా పక్క క్వార్టర్‌లో ఉండే సహోద్యోగి తన మనవడికి రిమోట్ కారు కొన్నాడు. అంతకంటే పెద్దది కొనాలని నాకు పట్టుదల వచ్చింది. వాడికేం కావాలో నేను అడగనేలేదు. రూ.950 పెట్టి, చూడగానే అబ్బా అనిపించే ఎర్రకారు తెచ్చాను. పుట్టినరోజునాడు పదిమందిలో నేల మీద పెట్టి మావాడి చేతికి రిమోటు ఇచ్చాను. కారు కదిలింది. మావాడు ఇంకా మీట నొక్కనేలేదు! పక్కింటి పిల్లవాడు గుమ్మంలో నిలబడి తన రిమోటు నొక్కుతున్నాడు. కారు నేరుగా వెళ్ళి గోడకు కొట్టుకుంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రే కారును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. “ఏమండీ, ఆడుకోవడానికి కొని దాచడమేమిటి?” అని మా ఆవిడ అడిగింది. పాడుచేస్తాడన్నాను. వేసవి సెలవులకు వాడు వచ్చినప్పుడల్లా తీసి, పది నిమిషాలు నడిపించి, తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. ఆఫీసులో స్టాకు రిజిస్టరు ఎలా కాపాడానో దాన్నీ అలాగే కాపాడాను.

వాడికి తొమ్మిదేళ్ళు వచ్చాక, ఇక నీదేరా అని చేతికిచ్చాను. అది కదల్లేదు. అడుగు మూత విప్పి చూస్తే పెన్సిల్ సెల్లులు కారి, తగరపు రేకులు పచ్చగా తుప్పు పట్టాయి. వాడు కారు వంక చూడలేదు. నా వంక ఒకసారి చూసి బ్యాటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

కొనేటప్పుడు చూడవలసినవి

ఆ తరువాత మా అబ్బాయి కొడుకు పుట్టాక ఈ విషయాలు శ్రద్ధగా కనుక్కున్నాను. మీకు పనికొచ్చేవి రాస్తున్నాను.

మూడేళ్ళు నిండని వాడికి రిమోటు అక్కర్లేదు. తోస్తే పోయే బండి, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే బండి చాలు. ఈ వయసులో ఏదైనా నోట్లోకే వెళుతుంది. చిన్న ముక్కలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. మన ఇంట్లో పాత కెమెరా ఫిల్ము డబ్బా ఉంటే ఇంచుమించు అదే కొలత. బొమ్మ నుంచి ఊడివచ్చే ముక్క ఏదైనా అందులో పట్టిందంటే ఆ బొమ్మ పసివాడికి ఇవ్వరాదు.

మూడు నాలుగేళ్ళవాడికి రెండే మీటలున్న రిమోటు తీసుకోండి. కారు గుండ్రంగా, బరువు తక్కువగా, మన నడకంత వేగంతో ఉండాలి. కంట్లో గుచ్చుకునే పొడుగు ఏరియలు వద్దు. చవక రకం కార్లు ముందుకు నేరుగానే పోతాయి, వెనక్కి వచ్చేటప్పుడే మలుపు తిరుగుతాయి. ఈ వయసుకు అది లోపం కాదు. అయిదారేళ్ళు దాటాక ఎడమ, కుడి తిరిగే నాలుగు మీటలవి ఇవ్వవచ్చు. వేగంగా పోయేవి ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు, అదీ మైదానంలో.

అన్నిటికంటే ముఖ్యం బ్యాటరీ. కొన్ని చిన్న రిమోట్లలో రూపాయి బిళ్ళలాంటి బటన్ సెల్ ఉంటుంది. పిల్లవాడు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అందుచేత బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నదే కొనండి. చార్జింగు పెట్టేది అయితే పెద్దవాళ్ళు మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి, రాత్రంతా వదలకండి. ఆట మానేసిన బొమ్మలో సెల్లులు ఉంచకండి. ఆ చివరి మాట నా అనుభవం.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తు కింద ‘సి.ఎం./ఎల్.’ అని లైసెన్సు నంబరు ఉంటుంది. గుర్తు ఉండి నంబరు లేకపోతే అనుమానించాల్సిందే. నంబరు లేని కాగితాన్ని మనం సర్వీసులో ఎన్నడైనా నమ్మామా? భౌగోళిక గుర్తింపు పొందిన చేతి బొమ్మలకు, నమోదైన చేతిపనివారి బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేదని తిరిగి ఇచ్చేయకండి.

ఆఖరుగా, దుకాణంలోనే నడిపించి చూసి, రిమోటు పిల్లవాడి గుప్పిట్లో ఇముడుతుందో లేదో చూసుకోండి. వాడు తన చేత్తో నడపగలిగినదే వాడి కారు. మనం నడిపి చూపించాల్సినదైతే అది మన కారు.

మళ్ళీ సంక్రాంతి

గత సంక్రాంతికి ఇద్దరు మనవలూ ఇంట్లో కలిశారు. పెద్దవాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. చిన్నవాడికి నాలుగేళ్ళు. వాడు బీరువా అద్దానికి ముక్కు ఆనించి ఎర్రకారును చూస్తూ నిలబడ్డాడు. పెద్దవాడు నవ్వుతూ, “తాతయ్యా, ఆ కారుతో నేను ఆడిన గుర్తు లేదు. నువ్వు తాళం తియ్యడం మాత్రం బాగా గుర్తుంది” అన్నాడు. వాడు నిష్ఠూరంగా అనలేదు. నాకు మాత్రం గొంతు పెగల్లేదు.

తాళంచెవి తెచ్చి వాడికిచ్చాను. అన్నదమ్ములిద్దరూ వరండాలో కూర్చుని స్క్రూలు విప్పి, గరుకు కాగితంతో తుప్పు గీకి, కొత్త సెల్లులు వేశారు. ముందుకు వెళ్ళే మీట పనిచేయలేదు. వెనక్కి మీట నొక్కితే మాత్రం కారు గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఎంతసేపు నొక్కినా అదే ప్రదక్షిణం. చిన్నవాడు చప్పట్లు కొట్టుకుంటూ దాని చుట్టూ తిరిగాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. సాయంత్రానికి కారు ముందు బంపరు ఊడిపోయింది.

ఊడితే ఊడింది. బీరువా తాళం ఇప్పుడు మా ఇంట్లో ఎక్కడుందో నాకే తెలియదు.

– ఒక రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు