మేకు కన్నా ముందు ముడి

ఇల్లు కడతాం. చీర కడతాం. దూడను గుంజకు కడతాం, దేవుడికి ముడుపు కడతాం, పొలానికి నీళ్లు కడతాం, కరెంటు బిల్లు కడతాం. నాటకంలో వేషం కడతాం, పాటకు బాణీ కడతాం. ఇన్ని పనులకీ తెలుగులో ఒక్కటే క్రియ. దాని వెనక తరాల చేతిపని ఉంది. ఒక్కో వాడుకనూ వెనక్కి పట్టుకుని వెళ్తే, చాలావాటి కొసన తాడో నారో కనిపిస్తుంది.

ముందుగా ఇల్లు. సిమెంటు, ఇటుక సామాన్యుడి గడప తొక్కకముందు పల్లెలో ఇల్లంటే మట్టిగోడ, తాటాకు కప్పు. నిట్టాడు గుంజ పాతి, దాని మీద వెన్నుదూలం ఎత్తి, అక్కణ్నుంచి గోడల మీదికి వాసాలు దించేవాళ్లు. వాసాల మీద అడ్డంగా సన్నని పెండెలు. పెండె వాసాన్ని దాటే ప్రతిచోటా ఒక కట్టు పడాలి. నానబెట్టిన తాటినారను రెండు చుట్లు తిప్పి, శక్తి కొద్దీ గుంజి, మెలివేసి, కొసను లోపలికి దోపుతారు. తడి మీద నార చెప్పినట్టు వింటుంది, ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఆకు. చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరస పైకి పేర్చుకుంటూ పోతారు, దానికీ మళ్లీ నారే. కప్పు మొత్తంలో ఒక్క మేకు ఉండదు. అలాంటి ఇంటిని ‘కట్టారు’ అనక ఏమంటారు? ఇటుక మీద ఇటుక పేర్చి సున్నం పెట్టే పద్ధతి వచ్చినా క్రియ మాత్రం మారలేదు. ఇవాళ ముప్పై అంతస్తుల్నీ కడుతూనే ఉన్నాం.

కన్నడిగులూ తమిళులూ ఇంటికి ఇదే మాట వాడతారు. మలయాళంలో అది ‘కెట్టు’. ఆ మాటకు అక్కడ పెళ్లి అనే అర్థం కూడా ఉంది. మనమూ ‘కట్టుకున్నవాడు’ అంటాం కదా. ఈ భాషల రూపాలన్నిటినీ బరో, ఎమెనో తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఒకే కుదురు కింద చేర్చారు. ముడికీ ఇంటికీ ఉన్న చుట్టరికం ఒక్క తెలుగుదే కాదు, దక్షిణాది అంతటిదీ. ఆ అర్థం ఎంత పాతదో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఈ మాట సముద్రం కూడా దాటింది. కోరమాండల్ తీరంలో దుంగల్ని పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగించి వేటకు వెళ్లేవాళ్లు. తమిళంలో దాని పేరు కట్టుమరం, అంటే కట్టిన మాను. మన జాలర్లు తెప్ప అంటారు. దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చినదారినే పోతాయి కాబట్టి మునిగే భయం లేదు. ఒడ్డుకు చేరాక తాళ్లు విప్పేసి, దుంగల్ని ఇసుక మీద విడివిడిగా ఆరబెట్టేవాళ్లు. వేటకు వెళ్లేటప్పుడు మళ్లీ కట్టుకునేవాళ్లు. రోజూ విప్పి రోజూ కట్టుకునే పడవ! పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఇంగ్లీషువాళ్లు దీన్ని చూసి తమ రాతల్లోకి ‘కేటమరాన్’గా ఎక్కించుకున్నారు. 1876లో అమెరికాలో నెథానియెల్ హెరెషాఫ్ ‘అమరిల్లిస్’ అనే జంట పడవను పందేనికి దించాడు. అప్పట్నుంచి ఆ పేరు జంట పడవలకే స్థిరపడుతూ వచ్చింది. ఇప్పటి కేటమరాన్లలో దుంగా లేదు, తాడూ లేదు, ‘కట్టు’ ఉంది.

నీటి దగ్గర ఈ మాట మరీ లోతుగా పాతుకుంది. మట్టి పోసి నీటిని ఆపితే కట్ట: చెరువుకట్ట, కరకట్ట. కోపం కట్టలు తెంచుకుందన్న మాట, చెరువు తెగితే ఊరు ఏమవుతుందో తెలిసినవాళ్ల నోట పుట్టి ఉండాలి. నదికి అడ్డంగా కడితే ఆనకట్ట. తమిళంలో అణైకట్టు, ఇంగ్లీషువాళ్ల నోట ‘అనికట్’. కావేరి మీది కల్లణైని వాళ్లు గ్రాండ్ అనికట్ అన్నారు. ఆ డెల్టాలో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన ఆర్థర్ కాటనే తర్వాత గోదావరికి వచ్చాడు. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో అనికట్, కేటమరాన్ రెండూ కనిపిస్తాయి.

డబ్బు ‘కట్టడం’ ఎలా వచ్చిందంటే, నాకు ముడుపే గుర్తొస్తుంది. మొక్కుకుని, పసుపు గుడ్డలో నాణెం పెట్టి ముడివేస్తే ఆ డబ్బు ఇక మనది కాదు, స్వామిది. శిస్తు కట్టినా, ఫీజు కట్టినా అంతే, మన చేతిలోంచి వేరే పద్దులోకి పోయినట్టే. కట్టుబాటు, కట్టడి, కట్టుదిట్టం, కనికట్టు... ఇవన్నీ తాడు కనపడని కట్లు. ఇంటికి నిప్పంటుకుని కట్టుబట్టలతో బయటపడ్డారని విన్నప్పుడు, ఆ ఒక్క మాటలో మనిషికి మిగిలిందంతా కనిపిస్తుంది.

కట్టు ఇన్ని చోట్ల దూరినా, మిగతా క్రియల చోటును లాక్కోలేదు. పూలకొట్టు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. మల్లెల్ని కడతారు: అరటినార మీద మొగ్గల్ని ఎదురెదురుగా పెట్టి, నారను చుట్టి వేలితో మెలి వేసి లాగడమే. చామంతుల్ని గుచ్చుతారు, సూదీ దారం కావాలి. జడ మీద పెట్టే పూలజడను కుడతారు. తాడును పేనుతారు, బుట్టను అల్లుతారు, విరిగినదాన్ని అతుకుతారు, అక్షరాల్ని కూరుస్తారు. ఈ తేడాలు పసిపిల్లలకు నోటితో అందాలని నా కోరిక. అన్నిటికీ ‘అటాచ్ చేయడం’ అనేస్తే ఏ పనీ కళ్లకు కట్టదు.

సంస్కృతం నుంచి వచ్చిన బంధం దారి వేరు. బంధువు, ప్రబంధం, నిబంధన అన్నీ ఆ ఇంటివే. ఇంగ్లీషు ‘బైండ్’, పారసీ ‘బంద్’ కూడా అదే కుదురు నుంచి చీలిన కొమ్మలు. పుస్తకాన్ని బైండు చేయించేవాళ్లు తెలియకుండానే ప్రబంధానికి దగ్గరి చుట్టమైన మాట వాడుతున్నారు. పారసీ బంద్ ఇంగ్లీషులో ‘బండ్’ అయి, కట్ట అనే అర్థంతోనే హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌లో కూర్చుంది. అక్కడి అమ్మవారిని మాత్రం జనం ఇప్పటికీ కట్ట మైసమ్మ అనే పిలుస్తారు.